పురుగుమందుల ట్రైనింగ్: 25 రోజులు, ఒక పరీక్ష, సర్టిఫికెట్ కోసం 4 నెలలు (నా అనుభవం)

ముందు ఆస్పత్రి సంగతి చెప్పాలి. అది జరక్కపోతే నేను ఈ ట్రైనింగ్ వైపు కన్నెత్తి కూడా చూసేవాణ్ణి కాదు.

2024 అక్టోబర్ 17, గురువారం. మాది పల్నాడు జిల్లా, సత్తెనపల్లి దాటి లోపలికి వెళ్ళాలి. 3 ఎకరాలు సొంతం, 2 ఎకరాలు కౌలు, పత్తి మిర్చి వేస్తా. ఆ రోజు పత్తిలో మందు కొడుతున్నా, చెట్లు రొమ్ము దాకా ఎదిగి ఉన్నాయి, పొద్దున 8 కి మొదలుపెట్టి మధ్యాహ్నం 1 దాకా 14 ట్యాంకులు కొట్టా. ప్రొఫెనోఫాస్, దాంట్లోకి ఇంకో పొడి మందు, షాపాయన కలుపుకోమన్నాడు, కలుపుకున్నా. ముక్కుకి తువాలు, పాత చొక్కా, లుంగీ, కాళ్ళకి ఏమీ లేవు. 18 ఏళ్ళుగా అట్లాగే కొడుతున్నా కదా, ఏమవుద్ది అనే ధైర్యం.

గట్టు మీద కూర్చుని అన్నం క్యారేజీ విప్పేసరికి నోట్లో నీళ్ళు ఊరటం మొదలైంది, ఎంత ఉమ్మినా ఆగట్లా. చెమట కారిపోతోంది, కళ్ళ ముందు మసక, ఎండ మిట్టమధ్యాహ్నం ఉంటే నాకు సాయంత్రం అయినట్టు కనిపిస్తోంది. రెండుసార్లు వాంతి అయ్యింది. పక్క చేలో పెద్దాయన చూసి మా బావమరిదికి ఫోన్ చేస్తే బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ డాక్టర్ గారు అడిగిన మొదటి మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది, "ఏ మందు కొట్టాడు, డబ్బా తెచ్చారా?" ఎవరూ తేలా. నాకా మాట పెగలట్లేదు. మా ఆవిడ మళ్ళీ 14 కిలోమీటర్లు వెనక్కి ఆటోలో పోయి పొలంలో వెతికి డబ్బాలు రెండూ సంచిలో వేసుకుని వచ్చింది. ఈలోగా కంటి పాపలు చూసి, లక్షణాలు చూసి వాళ్ళు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు గానీ ఆ రెండో మందు ఏంటో తెలిసే దాకా మా ఆవిడకి ఎవరూ ధైర్యం చెప్పలేదంట. 4 రోజులు ఉన్నా. అట్రోపిన్ వల్ల నోరు అట్టముక్కలా ఎండిపోయి, రాత్రిళ్ళు ఏదేదో మాట్లాడానంట, చనిపోయిన మా నాన్నని పిలిచానంట. బిల్లు 38 వేలు అయ్యింది. ఆ 38 వేలూ మిర్చి మీద తెచ్చిన అప్పులోంచి కట్టాం.

ఇంటికొచ్చాక కూడా రెండు నెలలు చేతులు సన్నగా వణికేవి. ఆ ఏడాది మిగిలిన మందులన్నీ కూలికి కొట్టించా. కొట్టే కుర్రాడిని చూస్తే, వాడికి 19 ఏళ్ళు, నేను కొట్టినట్టే వట్టి కాళ్ళతో కొడుతున్నాడు, నాకు గుండెల్లో రాయి పడినట్టు ఉండేది కానీ వాడికి ఏం చెప్పాలో నాకే తెలియదు.

2025 మార్చి 28 న మా రైతు సేవా కేంద్రం మేడమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది, పురుగుమందులు ఎరువులు జాగ్రత్తగా వాడటం మీద 25 రోజుల ట్రైనింగ్, ఫ్రీ, చివర్లో పరీక్ష, సర్టిఫికెట్ అని. కృషి విజ్ఞాన కేంద్రంలో. గ్రూపులో 200 మందికి పైగా ఉంటే పేరు ఇచ్చింది మా ఊరి నుంచి నేనొక్కణ్ణే.

కాగితాలు ఏం అడిగారంటే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, చదువు కాగితం, 4 ఫొటోలు. ఇక్కడే మొదటి చిక్కు. ఆధార్‌కి లింక్ ఉన్న నంబర్ నా దగ్గర లేదు, ఎప్పుడో పోయిన సిమ్ అది. ఓటీపీ రాకపోతే పేరు ఎక్కదు. ఆధార్ సెంటర్‌కి పోయి 50 రూపాయలు కట్టి నంబర్ మార్పించుకున్నా, ఆ లైన్‌లోనే ఒక పూట పోయింది, మారడానికి ఇంకో 5 రోజులు. టెన్త్ మార్కుల లిస్టు మీద ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉంది, దానికి ఏం కాలేదు గానీ అదే భయంతో రెండు రాత్రులు నిద్రపోలా. మీరెవరైనా వెళ్ళాలనుకుంటే ముందే ఆధార్ నంబర్ సరిచూసుకోండి, చివరి రోజు చూసుకునే పని కాదిది. ఏప్రిల్ 9 న అన్నీ ఇచ్చా.

తర్వాత రెండు నెలలు ఏ కబురూ లేదు. ఫోన్ చేస్తే బ్యాచ్ నిండలేదు అన్నారు. ఇక రాదులే అనుకున్న టైంలో జూన్ 16 న ఫోన్, 23 సోమవారం నుంచి రమ్మని. సరిగ్గా పత్తి గింజ పెట్టే రోజులు! ఇది వాళ్ళు ఆలోచించాల్సింది, రైతులకి ట్రైనింగ్ అంటే ఏప్రిల్ మేలో పెట్టాలి, అప్పుడు పొలాలు ఖాళీగా ఉంటాయి. నేను మానేద్దాం అనుకున్నా. మా ఆవిడే "నువ్వు పో బావా, గింజ నేను పెట్టిస్తా, పోయినేడు నువ్వు పోయినట్టే అనుకున్నా నేను" అంది. ఆ మాటకి ఇంక ఎదురు చెప్పలేకపోయా.

మొదటి రోజు 27 మందిమి, అందులో ఆడవాళ్ళు ఆరుగురు. చివరికి మిగిలింది 21. పోయినోళ్ళందరూ విత్తనాల పని వల్లే పోయారు. రోజూ పొద్దున 9:30 నుంచి సాయంత్రం 5:30 దాకా, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే. బస్సు ఛార్జీ రానుపోను 70, అంటే 25 రోజులకి 1,750. పొలంలో నా బదులు పెట్టిన కూలి వేరే. ఫ్రీ అన్న మాట నిజమే కానీ చేతి నుంచి నాకు దగ్గర దగ్గర 9 వేలు అయ్యింది, అది ముందే లెక్కేసుకుని వెళ్ళాలి.

మొదటి రెండు రోజులు రంగుల త్రికోణాల గురించి. డబ్బా మీద ఎరుపు ఉంటే అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. 18 ఏళ్ళుగా ఆ రంగులు చూస్తూనే ఉన్నా, కంపెనీ గుర్తేమో అనుకున్నా. ఆకుపచ్చ అంటే మంచిది తాగినా ఏం కాదు అని కూడా కాదు, అది కూడా విషమే, కాకపోతే తక్కువ అని సార్ పదిసార్లు చెప్పారు. నన్ను పడేసిన ప్రొఫెనోఫాస్ పసుపు. ఎరుపులో అందరం వాడిన మోనో, అదే మోనోక్రోటోఫాస్, దాన్ని 2005 లోనే కూరగాయల మీద వాడొద్దన్నారంట, 2023 లో 36 ఎస్ఎల్ (నూటికి 36 పాళ్ళు మందు ఉండే ద్రవం) ని మొత్తానికే నిషేధిస్తూ ఆర్డర్ వచ్చిందంట. మా కొట్టంలో అర సీసా ఉంది అప్పటికి. ఏం చెయ్యాలి అని అడిగితే కాలవలో పొయ్యొద్దు, పాతిపెట్టొద్దు, పిల్లలకి అందకుండా తాళం వేసి ఏఓ (వ్యవసాయ అధికారి) గారికి చెప్పు అన్నారు. 2017 లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయిన సంగతి కూడా ఆ రోజే చెప్పారు. ఎత్తు పెరిగిన పత్తి, రెండు మూడు మందులు కలపటం, ఒంటికి ఏ అడ్డం లేకపోవటం. నేను బల్ల మీద తల వంచుకుని విన్నా, నా కథే చెప్తున్నట్టుంది.

మూడో రోజు చేసింది మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. ట్యాంకులో మందు లేదు, నీళ్ళలో ఎర్ర రంగు కలిపారు. నాకు తెల్ల చొక్కా తెల్ల లాగు వేయించి, నువ్వు రోజూ ఎట్లా కొడతావో అట్లానే కొట్టు అని పశువుల మేతకి వేసిన జొన్న చేలోకి పంపారు. జొన్న నడుం దాకా ఉంది. 10 నిమిషాలు కొట్టి బయటకొచ్చా. తొడల ముందు భాగం మొత్తం ఎరుపు, ఎందుకంటే నేను ముందు కొట్టి ఆ తడిసిన ఆకుల్లోకే నడుస్తున్నా. కుడి చెయ్యి మణికట్టు దాకా ఎరుపు, గన్ (మందు చిమ్మే గొట్టం పిడి) దగ్గర వాషర్ కారుతోంది, నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. వీపు మీద ట్యాంకు మూత దగ్గర్నుంచి వెన్నుపూస వెంట నడుం దాకా ఒక చార, అది లాగు లోపలికి దిగింది. నుదురు మీద కూడా ఎరుపు, మోచేత్తో చెమట తుడుచుకున్నా కదా. ఒక పెద్దాయన అన్నాడు, "అయ్యా మనం పంటకి కొడుతున్నామా, మనకి మనం కొట్టుకుంటున్నామా" అని.

అప్పుడు క్లాసు చెప్పే మేడమ్ చెప్పారు, మందు ముక్కులో నుంచే పోతుందని అందరూ అనుకుంటారు, చర్మంలో నుంచి పోయేదే మందు కొట్టేవాళ్ళకి ఎక్కువ అని. అది కూడా ఒంట్లో అన్ని చోట్లా ఒకేలా కాదంట, ముంజేతి మీద పడితే ఒక వంతు లోపలికి పోతే, అదే నుదురు మీద అయితే 4 రెట్లు, మర్మాంగాల దగ్గర అయితే 11 రెట్లు పైన. లుంగీ తడిసి 5 గంటలు అట్లాగే తిరిగిన నాకు ఆ మాటతో కాళ్ళలో సత్తువ పోయింది. నేను కట్టుకున్న తువాలు ముక్కుకి ఏం ఆపలేదు సరే, అసలు దారి ముక్కే కాదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడకి ఇదంతా చెప్తున్నా. బట్టలు విడిగా ఉతకాలంట, పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకూడదంట, ఉతికేవాళ్ళు కూడా గ్లౌజులు వేసుకోవాలంట అని. తను గిన్నెలు తోముతూ ఆగింది. "నువ్వు మందు కొట్టొచ్చిన రోజు నీ చొక్కా ఉతికితే నాకు చేతులు మంటలు పుట్టేవి బావా, సబ్బు పడట్లేదేమో అని సబ్బులు మార్చా" అంది. 12 ఏళ్ళ సంసారంలో ఈ ముక్క నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆస్పత్రిలో నాకు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

కొలతల క్లాసు ఇంకో దెబ్బ. మాకు ఎవరికీ మిల్లీలీటర్ల లెక్క లేదు, అంతా మూత లెక్కే. ఇంటి నుంచి మూతలు తెచ్చుకోమన్నారు. నా మూత నిండా నీళ్ళు పోసి గాజు కొలతలో వంచితే 28 మిల్లీలీటర్లు వచ్చింది. నేను 16 లీటర్ల ట్యాంకుకి రెండు మూతలు పోసేవాణ్ణి, అంటే 56. లీటరుకి 2 మిల్లీలీటర్ల లెక్కన పొయ్యాల్సింది 32. దగ్గర దగ్గర రెట్టింపు! డబ్బూ పోయింది, ఆరోగ్యం పోయింది, పురుగు మాత్రం చావలేదు. 2021 లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రోజు మార్చి రోజు కొట్టాం కదా మేమందరం, ఎంత కొడితే అంత పెరిగింది, ఎందుకంటే దాన్ని తినే పురుగులని కూడా మనమే చంపేశాం అని అప్పుడు అర్థమయ్యింది. ఒకరోజు గుంటూరు లాం ఫారానికి (వ్యవసాయ పరిశోధన కేంద్రం) తీసుకెళ్ళారు, అక్కడ మిర్చికి నీలం రంగు జిగురు అట్టలు చూపించారు, ఆ తామర పురుగు నీలానికి వస్తుందంట.

చిన్న చిన్నవి కూడా బోలెడు. నాజిల్ మూసుకుపోతే మనందరం నోటితో ఊదుతాం, అది మందుని నేరుగా నోట్లో పోసుకోవటమే. పాత టూత్ బ్రష్ ఒకటి పంపుకి కట్టుకోమన్నారు, లేదంటే చీపురు పుల్ల. పురుగుమందుకి బోలు కోను నాజిల్ (మందు గుండ్రంగా చిమ్మేది), కలుపు మందుకి ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ (విసనకర్రలా చిమ్మేది), నేను రెండింటికీ ఒకటే వాడా. రెండు మందులు కలపాలంటే ముందు సీసాలో కొంచెం కొంచెం కలిపి చూడాలి, విరిగినట్టు అయినా, వేడెక్కినా కలపకూడదు. గాలికి ఎదురు కొట్టకూడదు, అడ్డంగా నడుస్తూ గాలి పోయే పక్కకి గన్ పెట్టాలి, తడిసిన ఆకుల్లోకి కాకుండా తడవని వైపుకి జరగాలి. డబ్బా ఖాళీ అయ్యాక 3 సార్లు కడిగి ఆ నీళ్ళు ట్యాంకులోనే పోసి డబ్బాకి చిల్లు పెట్టాలి. ఆ చిల్లు డబ్బాలు తర్వాత ఎవరికి ఇవ్వాలి అంటే మాత్రం సరైన జవాబు రాలేదు, మా ఊళ్ళో తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు, గోతాంలో కట్టి కొట్టంలో పెట్టా. ఇప్పటికి రెండు గోతాలు అయ్యాయి.

మందు కొట్టేటప్పుడు ఒంటికి వేసుకునే కిట్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తా. వాళ్ళు ఇచ్చిన పల్చటి గ్లౌజులు రెండో రోజే చిరిగాయి. నేను గుంటూరులో మోచేతి దాకా వచ్చే నైట్రైల్ రబ్బరు గ్లౌజులు 220 పెట్టి కొన్నా, కార్ట్‌రిడ్జ్ మాస్క్ (గాలిని వడకట్టే డబ్బా ఉండేది) 1,100, కళ్ళద్దాలు 180, గమ్ బూట్లు 450. ఇవన్నీ వేసుకుని మన ఎండలో 11 తర్వాత నిలబడటం కుదరదు, ఊపిరాడదు, అద్దాల మీద ఆవిరి పట్టుద్ది. అందుకే పొద్దున 6 కి మొదలుపెట్టి 9:30 కి ఆపేస్తున్నా. 14 ట్యాంకులు కొట్టేచోట ఇప్పుడు 8 అవుతున్నాయి, రెండు రోజుల పని అవుతోంది. ఇది నష్టమే, కాదనను.

జూలై 21 తో క్లాసులు అయిపోయాయి. పరీక్ష 23 అన్నారు, అందరం పోయాక పరీక్ష పెట్టాల్సినాయన రాలేదు, 29 కి మార్చారు. బయటి నుంచి వచ్చిన ఆయన ట్యాబ్‌లు ఇచ్చారు, ముందు ఫొటో తీస్తారు, తర్వాత ప్రశ్నలు. తెలుగులోనే ఉన్నాయి కానీ ఆ తెలుగు మా నోట్లోది కాదు. "వ్యక్తిగత రక్షణ ఉపకరణాలు" అని ఉంటే నా పక్కన కూర్చున్న అక్కకి అర్థం కాక చెయ్యి ఎత్తింది, కిట్ అని రాసి ఉంటే టక్కున చెప్పేది. వేలితో నొక్కితే పక్క ఆప్షన్ పడుతోంది, కంగారు పడొద్దు, మళ్ళీ నొక్కితే మారుద్ది. తర్వాత ప్రాక్టికల్. కిట్ వేసుకుని చూపించాలి, విప్పి చూపించాలి. వేసుకోవటం అందరికీ వచ్చింది, విప్పటంలో సగం మంది తప్పారు. గ్లౌజులు ముందు విప్పకూడదు, చేతికి ఉండగానే సబ్బుతో కడగాలి, మిగతావన్నీ విప్పాక చివర్లో తియ్యాలి. లేకపోతే వట్టి చేత్తో మందు పడ్డ బూట్లు, ఏప్రాన్ పట్టుకున్నట్టే. ఆఖర్న నోటి ప్రశ్న, మీ పక్కన కొట్టే మనిషి పడిపోతే ఏం చేస్తావు? చేలో నుంచి బయటకి తెస్తా, తడిసిన బట్టలు విప్పేస్తా, సబ్బు నీళ్ళతో కడుగుతా, ఆస్పత్రికి తీసుకుపోతా, డబ్బా కూడా తీసుకుపోతా అన్నా. ఆ చివరి మాట అనేటప్పుడు గొంతు పట్టేసింది. ఆయన ఇంకేం అడగలేదు, సంతకం పెట్టమన్నారు.

సర్టిఫికెట్ నెలలో అన్నారు. ఆగస్టు పోయింది, సెప్టెంబర్ పోయింది, ఫోన్ చేసినప్పుడల్లా పైనుంచి రావాలి అంటారు. నవంబర్ 21 న ఫోన్‌కి లింక్ వచ్చింది, 78 మార్కులు, అంటే పరీక్ష అయ్యాక 115 రోజులు. నెట్ సెంటర్‌లో కలర్ ప్రింట్ 20 రూపాయలు, లామినేషన్ 30. దీన్ని చూపించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మన పొలంలో మనం మందు కొట్టుకోడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, దీంతో మందు షాపు పెట్టుకోవటం కూడా కుదరదు, దానికి వేరే చదువు కావాలి. ఉద్యోగం కోసం అయితే ఈ ట్రైనింగ్‌కి పోవద్దు. మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ ఆశతో వచ్చి బాధపడ్డారు, ఈ విషయం మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

ఈ సీజన్‌లో పత్తికి పోయినేడు 9 సార్లు కొట్టినోణ్ణి 5 సార్లు కొట్టా. దిగుబడి ఏం తగ్గలేదు, మందుల ఖర్చు ఎకరానికి 4 వేలకి పైగా తగ్గింది. నాకు కొట్టే ఆ 19 ఏళ్ళ కుర్రాడికి కూడా గ్లౌజులు, బూట్లు నేనే కొనిచ్చా, వాడి పంపుకి టూత్ బ్రష్ కట్టా. మాస్క్ మాత్రం వేసుకోడు, ఊపిరాడట్లేదన్నా అంటాడు. నేను గట్టు మీద నిలబడి వేసుకునే దాకా ట్యాంకు ఎత్తనివ్వట్లేదు.

ఇంటి దగ్గర నా మందు బట్టలకి నీలం బకెట్ వేరే ఉంది, దాన్ని పిల్లలు ముట్టుకోరు, ఉతికేది నేనే. ఇంకొకటి ఏంటంటే, ప్రతి డబ్బాతో మడిచిన కాగితం ఒకటి వస్తుంది కదా, అందులో తెలుగులో కూడా ఉంటుంది, విరుగుడు ఏంటో కూడా రాసి ఉంటుంది, ఇన్నాళ్ళూ అట్టపెట్టెతో పాటు గట్టు మీద పారేసేవాళ్ళం. ఇప్పుడు ఆ రోజు ఏ మందు కలిపితే ఆ కాగితాలు పాలిథిన్ కవర్లో పెట్టి చొక్కా జేబులో వేసుకుంటున్నా. మా ఆవిడ పొద్దున్నే జేబు తడిమి చూసి గానీ నన్ను గడప దాటనివ్వదు.